గడప దాటని పిల్లి

పెంకుటింట్లో పిల్లి తన బతుకు తానే చూసుకునేది. ఫ్లాట్లోకి తెచ్చి తలుపేశాక దాని వేట, దాని అటక, చివరికి దాని బూడిదకుప్ప కూడా మన పూచీయే.

సున్నుండ మా ఇంటికొచ్చిన రోజు హైదరాబాద్‌లో పొద్దుటి నుంచీ ఒకటే వాన. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ కారు బానెట్ లోపలి నుంచి సన్నగా ఏడుపు వినిపిస్తుంటే వాచ్‌మన్, నేనూ అరగంట తంటాలుపడి బయటికి తీశాం. ఒళ్లంతా గ్రీజు అంటుకున్న పిల్లికూన, అరచేతిలో పట్టేంత. తుడిస్తే వేయించిన మినప్పిండి రంగు తేలింది. మర్నాడు ఊరి నుంచి వచ్చిన అమ్మ ‘అచ్చం సున్నుండలా ఉందే’ అంది. ఆ పేరే స్థిరపడిపోయింది.

పేరు పెట్టింది గానీ, దాన్ని ఇంట్లోనే పెంచుతానంటే అమ్మకు మింగుడుపడలేదు. ‘పిల్లికి కాపలా ఏమిటే? తలుపు తీసి వదిలెయ్. దాని తిండి అది చూసుకుంటుంది’ అంది.

ఆవిడ చూసిన పిల్లులు అలాంటివి. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో పిల్లికి పేరు లేదు. పిల్లి, అంతే. ధాన్యపు గాదె కింద ఎలుకలే దానికి జీతం. వంటయ్యాక వెచ్చటి పొయ్యి బూడిద దానికి పరుపు. ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటే ఆ పూట ఆ ఇంట్లో వంట కాలేదని అర్థమయ్యే భాష మనది. అటక మీద ఈనేది. పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పేది. ఉట్టి మీది పాలకుండ కోసం దానికీ అమ్మమ్మకీ మధ్య నిత్యం యుద్ధమే. ఉన్నట్టుండి ఒకరోజు కనిపించకుండా పోయేది. నెల తిరిగేసరికి ఆ చోట ఇంకోటి తిరుగుతుండేది. మొదటిది ఏమైందని, ఎన్నేళ్లు బతికిందని ఎవరూ అడగలేదు. అమ్మ మరిచిపోయిన సంగతి అదొక్కటే.

మా వీధిలో ఆ సంగతి రోజూ కళ్ల ముందే కనిపిస్తుంది. రాత్రి పది దాటితే రోడ్డు కుక్కల గుంపుది, పగలంతా బైకులది. వాటిని తప్పించుకున్న కూనల్ని ప్యాన్‌ల్యూకోపీనియా, అదే పిల్లుల పార్వో, ఎత్తుకుపోతుంది. గండుపిల్లుల కాట్లతో వచ్చే వైరస్‌లు వేరే. రేబిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే ఇంట్లో జాగ్రత్తగా పెరిగే పిల్లి పదిహేనేళ్లు బతకడం మామూలే. మూడో తరగతి పిల్ల ముచ్చటపడి తెచ్చుకున్న కూన ఆ పిల్ల ఉద్యోగంలో చేరేదాకా ఇంట్లో ఉంటుందన్నమాట. ఆ లెక్కలు వేసుకునే నేను తలుపేశాను.

తలుపేయడం క్షణం పని. దాని అవతల పిల్లి తనంతట తాను సంపాదించుకునేవన్నీ ఇవతలికి మోసుకురావడం నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో రెండుసార్లు దాని ప్రాణం మీదికి తెచ్చాను.

పావురాల వల పిల్లిని ఆపదు

మొదటిసారి బాల్కనీ దగ్గర. మాది మూడో అంతస్తు. ఎన్నో ఇళ్లలో ఉన్నట్టే మాకూ పావురాల కోసం కట్టించిన నైలాన్ వల ఉంది. దాన్ని చూసుకునే ధీమాగా ఉన్నాను. సున్నుండకు అప్పుడు ఆరో నెల. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద పావురం వాలింది. వల కింది మూలలో కొక్కెం తుప్పుపట్టి ఊడిందని నాకు తెలియదు. దానికి తెలుసు. వంటింట్లోంచి నేను వచ్చేసరికి వల మూల గాలికి కొట్టుకుంటోంది. కింద రేకుల షెడ్డు మీద దబ్బుమని చప్పుడు.

బతికింది. కింది దవడ చీలింది, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలింది, వారం రోజులు గొట్టంతోనే తిండి. ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరుగారు ‘ఈ నెలలో ఇది నాలుగోదండీ’ అన్నారు, కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా.

పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే వాలుతుందని, దానికేం కాదని అంటారు. సగమే నిజం. గాల్లోనే ఒళ్లు తిప్పుకుని కాళ్లు కిందికి తెచ్చుకోవడం నిజం. ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1894లోనే వరుస ఫొటోలు తీసి దాన్ని చూపించాడు. దెబ్బ తగలదన్నది మాత్రం అబద్ధం. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ డాక్టర్లు, ఎత్తయిన భవనాల నుంచి పడి అయిదు నెలల్లో తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లుల వివరాలను 1987లో ప్రచురించారు. చికిత్స చేసినవాటిలో నూటికి తొంభై బతికాయి. ఏడంతస్తులకు పైనుంచి పడ్డవాటికి దెబ్బలు తక్కువన్న మాట అక్కడి నుంచే పుట్టి లోకమంతా తిరుగుతోంది. కానీ ఆస్పత్రికి తెచ్చేది కొన ఊపిరున్న పిల్లిని. పడ్డచోటే పోయినదాన్ని ఒళ్లో పెట్టుకుని డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు? అవి ఆ లెక్కలోకి రాలేదు. ‘మాది పన్నెండో అంతస్తు, మా పిల్లికేం భయం లేదు’ అనేవాళ్లను చూస్తే నాకు భయం.

పావురం బయటి నుంచి వస్తుంది, పిల్లి లోపలి నుంచి తోస్తుంది. వలలో చూసుకోవాల్సిన తేడా అదే. పావురాలకైతే రెండంగుళాల కన్నం చాలు. పిల్లికూనకు తల దూరిందంటే ఒళ్లు దూరినట్టే కాబట్టి కన్నం అంగుళం దాటకూడదు. కొక్కేలు అడుగుకొకటి చొప్పున కింది అంచుకు కూడా ఉండాలి. వల కట్టడానికి వచ్చేవాళ్లు పైనా పక్కలా బాగానే బిగిస్తారు, కిందికొచ్చేసరికి తాడు లాగి ఓ ముడేసి వెళ్లిపోతారు. నైలాన్‌ను ఎండ తినేస్తుంది. కొన్ని వేసవులు గడిస్తే వేలితో లాగినా పుటుక్కుమంటుంది. మేం చివరికి కింది మూడడుగులూ ఇనుప జాలీ వేయించాం. వెల్‌క్రో పట్టీతో కిటికీకి అంటించే దోమల మెష్‌ను మాత్రం నమ్మొద్దు. దోమను ఆపుతుందేమో గానీ నాలుగు కిలోల పిల్లిని ఆపదు.

రామకృష్ణుడి పిల్లి, పెరుగన్నం

ఎలుకల బాధ పోవడానికి రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకు ఓ ఆవును ఇచ్చారని, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మరిగే పాలు పెట్టి మూతి కాల్చి, ఇక పాలు చూస్తేనే పారిపోయేలా చేశాడని కథ. మూతి కాల్చడం దుర్మార్గం. పాలు మాన్పించడం వల్ల మాత్రం ఆ పిల్లికి వచ్చిన నష్టం లేదు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలవుతాయి. అరిగినా చిక్కే. ఇంట్లో ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు దాదాపు 200 కేలరీలు చాలు. వంద మిల్లీలీటర్ల గేదె పాలంటే దాదాపు సగం రోజు తిండి. మనం ముద్దుకొద్దీ పోసే చిన్న గ్లాసుడు అంతే ఉంటుంది.

పాలకన్నా నాకు దిగులు పెరుగన్నం సంగతి. ‘మా పిల్లి పూర్తి శాకాహారి అండీ, పెరుగన్నం తప్ప ముట్టదు’ అని గర్వంగా చెప్పేవాళ్లు మనలో చాలామంది. కుక్క ఎలాగో సర్దుకుంటుంది, పిల్లి ఒళ్లు సర్దుకోలేదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి, సొంతంగా కావలసినంత తయారుచేసుకోలేదు. అది కరవైతే ముందు కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ఆ 1987లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పాల్ పయన్ బృందం, పిల్లుల గుండె కండరం సాగి నీరసించిపోయే జబ్బుకు టారిన్ కొరతే కారణమని, టారిన్ ఇస్తే గుండె తేరుకుంటుందని తేల్చింది. పిల్లి తిండి తయారుచేసే కంపెనీలు అందులో టారిన్ పాళ్లు పెంచింది ఆ తర్వాతే.

మరి ఊళ్లో పిల్లులు పెరుగన్నం తిని బతకలేదా అంటారు. అమ్మమ్మ పిల్లి పెరుగన్నంతో బతకలేదు. పెట్టింది కాదనకుండా నాకి, గాదె కిందికెళ్లి భోజనం చేసింది. ఫ్లాట్లో గాదె లేదు. కాబట్టి పిల్లులకు సంపూర్ణాహారమని రాసున్న ప్యాకెట్ తిండి కొనండి, లేదా డాక్టరును అడిగి మాంసం లెక్కగా పెట్టండి. ఇంట్లోకి ఆ ప్యాకెట్ కూడా రాకూడదనుకుంటే కుందేలును పెంచుకోండి. అది ఆనందంగా ఆకులు తింటుంది.

తీపి రుచి పిల్లికి తెలియనే తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మీ చేతిలో లడ్డూ కోసం ఎగబడితే అది నేతి వాసనకే. రాత్రి మిగిలిన కోడికూరలో ముక్క కడిగి పెట్టడం ఇంకో అలవాటు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి, కడిగినంత మాత్రాన మసాలా పోదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన ముక్క విడిగా తీసిపెట్టండి.

నీళ్ల దగ్గరా జాగ్రత్త పడాలి. పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. దాహం అంతగా తెలియదు, నీళ్లు వేటలోనే దొరికేవి. గట్టి పలుకుల తిండిలో నీరు నూటికి పది పాళ్లే. తడి తిండిలో డెబ్బై అయిదు పైనే. మేం రోజుకో పూట తడి తిండి పెడతాం. వెడల్పాటి స్టీలు గిన్నెల్లో నీళ్లు మూడు చోట్ల ఉంచుతాం, తిండి గిన్నెకు దూరంగా. ఒకవేళ పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే అలిగిందనుకోకండి. బొద్దుగా ఉన్న పిల్లి పస్తుంటే కొవ్వంతా వెళ్లి కాలేయంలో పేరుకుంటుంది. అది ప్రాణం తీసే జబ్బు.

అటక లేని ఇల్లు

చలికాలం రాత్రుళ్లు సున్నుండ వైఫై రౌటర్ మీద పడుకుంటుంది. చూసిన మొదటిరోజే నాకు అమ్మమ్మ పొయ్యి గుర్తొచ్చింది. ముప్పై డిగ్రీలు దాటితేగాని పిల్లి ఒంటికి హాయి ఉండదు. మనం ఏసీ వేసుకున్న గదిలో అది ఎండ పడే కిటికీ కోసం వెతుక్కుంటుంది. అలాగని మన మే నెల ఎండల్ని తట్టుకుంటుందనుకోవద్దు. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే గానీ, పిల్లి రొప్పిందంటే వెంటనే తడిగుడ్డతో తుడిచి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. బొచ్చు పర్షియన్ పిల్లుల్ని వేలకు వేలు పోసి కొని రెంటచింతల ఎండలకు అప్పగించడం నాకెప్పటికీ అర్థం కాదు. సెల్లార్లో ఏడ్చే నాటు కూనలకు మన వాతావరణం అమ్మకడుపులోనే అలవాటు.

పిల్లికి ఇల్లంటే చదరపు అడుగులు కాదు, ఎత్తు. పైనుంచి అంతా చూస్తూ పడుకోవడం దాని స్వభావం. అటక పోయింది, ఉట్టి పోయింది. మేం బీరువా మీద పాత దుప్పటి పరిచి, అక్కడికి ఎక్కడానికి గోడకు రెండు చెక్కలు కొట్టించాం. గోళ్లు గీసుకోవడం దాని పొగరు కాదు, అవసరం. సోఫా చిరగ్గొడుతోందని తిడితే ఆగదు, దానికి ఇంకో చోటు చూపించాలి. దుకాణాల్లో గోకుడు స్తంభాలు అమ్ముతారు. అమ్మ మాత్రం ఊళ్లో పాడైన నులక మంచం కోడొకటి తెచ్చి, కొబ్బరి తాడు గట్టిగా చుట్టి, సోఫా పక్కనే నిలబెట్టించింది. ఆ రోజు నుంచి సోఫా జోలికి పోలేదు. పిల్లికి కాపలా ఏమిటే అన్న మనిషే!

వేట కూడా ఇంట్లోకే రావాలి. పిల్లి తెల్లవారుజామున, మునిమాపువేళ చురుగ్గా ఉంటుంది. నాలుగింటికి మీ కాలి బొటనవేలు కొరికేది అందుకే, మీ మీద పగతో కాదు. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు ఈకల కర్రతో ఆడించి, చివర్లో ఈకను దానికి చిక్కనిచ్చి, ఆ వెంటనే తిండి పెట్టండి. వేట, భోజనం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. దాని వరుస అది. కూనను చేతివేళ్లతో ఆడించడం మాత్రం వద్దు. ఇప్పుడు ముద్దుగా కొరికే పళ్లే రేపు నెత్తురు తీస్తాయి. మార్జాల కిశోర న్యాయం విన్నాం కదా అని పెద్ద పిల్లిని మెడ పట్టుకుని లేపడమూ వద్దు. అది తల్లిపిల్లికి, చిన్న కూనకు మధ్య ఏర్పాటు.

కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకుంటుందని మన సామెత. పిల్లి మిమ్మల్ని చూస్తూ నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే దానికి వేరే అర్థం ఉంది. మనుషులు అలా నిదానంగా కళ్లార్పితే పిల్లులూ తిరిగి ఆర్పుతున్నాయని, దగ్గరికి వస్తున్నాయని 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఇవాళే మీ పిల్లి దగ్గర చేసి చూడండి.

మన ఇంట్లోని విషాలు

జ్వరమొచ్చిన పిల్లికి మనం వేసుకునే పారాసిటమాల్ వేయడం ఘోరమైన తప్పు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క బిళ్ల చాలు. ఫినాయిల్‌తో తుడిచిన తడి నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా ప్రమాదమే. నేల ఆరేదాకా వేరే గదిలో ఉంచండి. కుక్కల పిడుదులకు వీపు మీద వేసే పర్మెత్రిన్ మందు పిల్లికి పడితే మూర్ఛలొస్తాయి. బీరువాలో కలరా ఉండలు, కుండీలో మనీప్లాంట్... చూసుకుంటూ పోవాలి.

పూల విషయంలో చిన్న తికమక ఉంది. మన పూలకొట్లో లిల్లీ అని మూరల్లెక్కన అమ్మేది నేల సంపెంగ, అది అసలు లిల్లీ జాతే కాదు. ప్రమాదం బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలతో. వాటి పుప్పొడి ఒంటికి అంటుకుంటే నాకినా, కూజాలో నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడైపోతాయి. అలాంటి బొకే వస్తే గుమ్మం దాటనివ్వకండి. ఇక పూల దారం. జడలోంచి తీసి మంచం పక్కన పడేసిన మల్లెదండ దారాన్ని పిల్లి నూడుల్స్‌లా మింగేస్తుంది. పేగుల్లో చిక్కి కుచ్చులు పడేలా లాగుతుంది. ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. సూదిలో దారం, గాలిపటం మాంజా కూడా అంతే. దారం కొస బయటికి కనిపించినా మీరు లాగొద్దు. వాషింగ్ మెషీన్ మూత వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూసే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉండాలి.

టీకాల సంగతి డాక్టరుకు తెలుసు కాబట్టి క్లుప్తంగా. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. గడప దాటని పిల్లికి టీకాలెందుకంటారు. పార్వో వైరస్ మన చెప్పులకు అంటుకుని వస్తుంది. ఆడ కూన నాలుగో నెలలోనే చూలు కట్టగలదు కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిదో నెలలోపు చేయించేయండి. ఇంట్లో కోడలు నెల తప్పగానే పిల్లిని వదిలేయమని పెద్దవాళ్లు పట్టుబడతారు. టాక్సోప్లాస్మా భయం అది. పిల్లి మలంలో వచ్చే ఆ సూక్ష్మజీవి అంటుకునే దశకు చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి దొడ్డికెళ్లే డబ్బాను రోజూ శుభ్రం చేస్తూ, ఆ పని భర్త చూసుకుంటూ, పిల్లికి పచ్చిమాంసం పెట్టకుండా ఉంటే చాలు. పిల్లిని వీధిపాలు చేయక్కర్లేదు.

ఆ డబ్బా దగ్గరే నా రెండో తప్పు.

ఉండలు లెక్కపెట్టడం

పిల్లికి బూడిదో ఇసుకో కావాలి, కప్పెట్టుకోవాలి. ఎడ్వర్డ్ లో అనే అమెరికన్ 1947లో పొరుగావిడకు బూడిద బదులు పీల్చే గుణమున్న మట్టి పలుకులు ఓ సంచీ ఇచ్చాడు. పిల్లి ఇంట్లో ఉండిపోవడానికి తోవ తీసింది ఆ సంచీయే. ఇప్పుడు తడి తగలగానే ఉండకట్టే బెంటొనైట్ లిట్టర్ వాడుతున్నాం. గుజరాత్‌లోని కచ్‌లో తవ్వే మట్టి అది. రెండు నెలలు నిండని కూనలు దాన్ని మింగే ప్రమాదం ఉంది గనుక వాటికి ఉండకట్టని రకం పెట్టాలి. డబ్బా పిల్లి పొడుగుకు ఒకటిన్నర రెట్లు, మూత లేకుండా, రద్దీ లేని చోట ఉండాలి. ఎన్ని పిల్లులుంటే వాటికి మరొకటి కలిపి అన్ని డబ్బాలు.

ఇవన్నీ తెలిసి కూడా, మా చిన్నాన్న కూతురి పెళ్లికి చుట్టాలు దిగారని డబ్బాను తీసుకెళ్లి వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాను. ఇంట్లో పద్నాలుగు మంది. మూడో రోజు రాత్రి సున్నుండ అయిదారుసార్లు డబ్బాలోకి వెళ్లి కూర్చుంది, ముక్కింది, వచ్చేసింది. మలబద్ధకం అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి మూలన ముడుచుకుని ఉంది. తాకితే అరిచింది, పసుపుపచ్చగా కక్కింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి ‘బత్తాయంత ఉంది మూత్రాశయం. ఇంకో పూట ఆగివుంటే గుండె ఆగేదమ్మా’ అన్నారు. మత్తిచ్చి గొట్టం వేశారు. మూడు రోజులు అక్కడే.

సున్నుండ లాంటి మగపిల్లి మూత్రనాళం బాగా సన్నం. చిన్న స్ఫటికమో జిగురు ముద్దో అడ్డుపడితే దారి మూసుకుంటుంది. నెత్తుటిలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగుతుంది. దీనికి ముందు వచ్చే మూత్రాశయం వాపులో చాలాసార్లు సూక్ష్మజీవి ఏదీ దొరకదు. ఇంట్లో అలజడికి, ఆ వాపుకు ఉన్న సంబంధాన్ని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ ఏళ్ల తరబడి పరిశోధించారు. డబ్బా చోటు మారడం, కొత్త మనుషులు, చప్పుళ్లు. మనకు పెళ్లి సందడి, దానికి మూత్రం బంద్.

అప్పటి నుంచి రోజూ రాత్రి డబ్బాలో ఉండలు లెక్కపెడతాను. మామూలుగా మూడు. అమ్మ ఫోన్ చేస్తే నా క్షేమం కన్నా ముందు ‘ఎన్ని?’ అని అడుగుతుంది.

ఇంట్లో మగపిల్లి ఉన్నవాళ్లందరికీ ఒక్క మనవి. అది చుక్క కూడా పోయకుండా డబ్బా చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల మీ దగ్గర్లో ఎక్కడుందో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి.